స్టిమ్యులెంట్ మందుల డోసు: ఏడీహెచ్‌డీకి, నార్కోలెప్సీకి జాగ్రత్తగా వాడుకోవడం ఎలా

పిల్లల జ్వరం మందు బరువును బట్టి పోస్తారు. ఇన్ని కిలోలకు ఇన్ని మిల్లీలీటర్లని ఒక లెక్క ఉంటుంది. స్టిమ్యులెంట్ మందులకు, అంటే ధ్యాస నిలవడానికో మెలకువగా ఉండటానికో మెదడును చురుకు చేసే మందులకు, ఆ లెక్క అంతగా పనిచేయదు. డెబ్బై కిలోల మనిషికి రోజుకు 10 మిల్లీగ్రాములు సరిపోవచ్చు, ముప్పై కిలోల పిల్లవాడికి 30 కావలసి రావచ్చు. ఎవరికెంత అన్నది రక్తపరీక్ష చెప్పదు, స్కానింగూ చెప్పదు. చిన్న డోసుతో మొదలుపెట్టి, ఒక్కో మెట్టూ ఎక్కుతూ, ఏం జరుగుతోందో రాసుకుంటూ వెతుక్కోవాల్సిందే. ఈ వెతుకులాటలో సగం పని డాక్టరుది, సగం మీది. మీ సగం ఎలా చేయాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నాకు నార్కోలెప్సీ ఉంది, అంటే పగలు ఆపుకోలేని నిద్ర ముంచుకొచ్చే జబ్బు. చాలా ఏళ్ళుగా ఈ మందులు వాడుతున్నాను. మా అక్క కొడుకుకి ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం. జబ్బులు వేరైనా మా ఇద్దరి మందులూ ఒకే కుటుంబానివి, చేసిన పొరపాట్లూ ఒకే రకానివి. నేను డాక్టర్ని కాదు. కింద ఇచ్చిన డోసు అంకెలు అమెరికాలో మందుతోపాటు వచ్చే పత్రాల్లో ఉండేవి. డాక్టరుతో మాట్లాడేటప్పుడు అవి మీకు అర్థం కావాలని ఇచ్చాను, మీ అంతట మీరు డోసు మార్చుకోవడానికి కాదు.

మొదటి మాత్రకు ముందు

డాక్టరు అడగకపోయినా ఈ సంగతులు మీరే చెప్పండి. ఆడుతున్నప్పుడో పరుగెడుతున్నప్పుడో ఎప్పుడైనా కళ్ళు తిరిగి పడిపోయారా? ఛాతీలో నొప్పి వచ్చిందా? పుట్టుకతో గుండెలో లోపం ఉందా? దగ్గరి రక్తసంబంధీకుల్లో ఎవరైనా చిన్న వయసులో ఉన్నట్టుండి చనిపోయారా? వీటిలో ఒక్కదానికి అవునని జవాబు వచ్చినా ముందు గుండె పరీక్షలు జరగాలి. ఈ మందులు మామూలుగా నాడిని నిమిషానికి మూడు నుంచి ఆరు, బీపీని రెండు నుంచి నాలుగు పాయింట్ల దాకా పెంచుతాయి. ఆరోగ్యంగా ఉన్న గుండెకు అది పెద్ద భారం కాదు. లోపం ఉన్న గుండె సంగతి వేరు.

గ్లాకోమా, థైరాయిడ్ ఎక్కువగా ఉండటం, మూర్ఛ, కళ్ళార్పడం లాంటి టిక్స్, గతంలో మద్యానికో మరో మత్తుకో అలవాటు పడి ఉండటం, ఇంట్లో ఎవరికైనా బైపోలార్ ఉండటం, ఎవరికీ వినపడని మాటలు వినపడిన అనుభవం, గర్భం, పాలిచ్చే స్థితి: ఇవన్నీ చెప్పాలి. చెప్పడానికి మొహమాటంగా ఉంటే ఒక కాగితం మీద రాసి చేతిలో పెట్టండి.

తర్వాత మీ ఇప్పటి లెక్క తీసి ఉంచుకోండి. బీపీ, నాడి, బరువు, పిల్లలైతే ఎత్తు. రాత్రి ఎన్నింటికి నిద్ర పడుతుంది, ఎన్నింటికి మెలకువ వస్తుంది, తిండి ఎంత తింటారు, తలనొప్పులు వస్తాయా. ఇది మందు మొదలుపెట్టక ముందే రాయాలి. మొదలుపెట్టిన మూడో వారంలో “నిద్ర పట్టడం లేదు, మందు వల్లే” అనుకుంటాం. ముందు రాసిన కాగితం తీసి చూస్తే అంతకుముందు కూడా రాత్రి ఒంటిగంట దాకా మెలకువగానే ఉన్నామని తెలుస్తుంది.

చేతిలో ఉన్నది ఏ మందో తెలుసుకోండి

నాకు తెలిసి ఎక్కువ ప్రమాదాలు ఇక్కడే జరుగుతాయి, కాబట్టి దీని గురించి కాస్త ఎక్కువే చెబుతాను.

ఈ మందుల్లో పెద్ద కుటుంబాలు రెండు. ఒకటి మిథైల్‌ఫెనిడేట్. రెండోది యాంఫెటమిన్‌లు. డెక్స్‌ట్రోయాంఫెటమిన్, యాంఫెటమిన్ లవణాల మిశ్రమం, లిస్‌డెక్స్‌యాంఫెటమిన్ ఈ రెండో కుటుంబానివి. రెండు కుటుంబాలూ మెదడులో కణాల మధ్య సందేశాలు మోసే డోపమిన్, నార్‌అడ్రినలిన్ అనే రసాయనాలు ఎక్కువసేపు అందుబాటులో ఉండేలా చేస్తాయి. అయితే ఒకదాని మిల్లీగ్రాము మరొకదాని మిల్లీగ్రాముతో సమానం కాదు. యాంఫెటమిన్ అదే బరువు మిథైల్‌ఫెనిడేట్ కన్నా దాదాపు రెట్టింపు బలంగా పనిచేస్తుంది. డెక్స్‌మిథైల్‌ఫెనిడేట్ అని ఇంకొకటి ఉంది. పేరు దగ్గరగానే ఉంటుంది కానీ డోసు మాత్రం మిథైల్‌ఫెనిడేట్‌లో సగమే. షాపులో ఒకటి లేదని మరొకటి ఇస్తే, అంకె ఒకటేనని ఊరుకోకండి. డాక్టరుకి ఫోన్ చేసి అడిగాకే వేసుకోండి.

ఇక ప్రతి కుటుంబంలోనూ త్వరగా దిగిపోయే మాత్రలుంటాయి, నెమ్మదిగా విడుదలయ్యేవి ఉంటాయి. మామూలు మిథైల్‌ఫెనిడేట్ మాత్ర అరగంట లోపు పని మొదలుపెట్టి మూడు, నాలుగు గంటల్లో దిగిపోతుంది. మామూలు యాంఫెటమిన్ మాత్ర నాలుగు నుంచి ఆరు గంటలుంటుంది. నెమ్మదిగా విడుదలయ్యేవి రకాన్ని బట్టి ఎనిమిది నుంచి పన్నెండు గంటలు పనిచేస్తాయి. లిస్‌డెక్స్‌యాంఫెటమిన్ ఇంకా ఎక్కువసేపు ఉండొచ్చు. అది మింగినప్పుడు నిద్రాణంగా ఉంటుంది, రక్తంలోకి వెళ్ళాక ఎర్ర రక్తకణాల దగ్గర విడిపోయి అసలు మందుగా మారుతుంది. అందుకే ఎక్కడం నెమ్మది, దిగడమూ నెమ్మదే.

ఈ తేడా ఎందుకు తెలియాలంటే, నెమ్మదిగా విడుదలయ్యే మాత్రను నమిలినా, నూరినా, సగానికి విరిచినా పగలంతా అందాల్సిన మందు ఒక్కసారిగా ఒంట్లోకి చేరుతుంది. మా అక్క కొడుకు మాత్ర మింగలేక ఏడుస్తుంటే ఇంట్లో వాళ్ళు ప్రేమ కొద్దీ నూరి పాలలో కలిపి ఇచ్చారు. గంటన్నర తర్వాత వాడి గుండె దడదడలాడుతూ, అరచేతులు చెమటలు పట్టి, ఒక్కచోట నిలబడలేక ఇల్లంతా తిరిగాడు. సాయంత్రానికి సర్దుకుంది కానీ ఆ భయం ఇంటిల్లిపాదికీ చాలాకాలం పోలేదు. మాత్ర మింగలేకపోతే ఆ మాట డాక్టరుతో చెప్పండి. కొన్ని క్యాప్సూళ్ళను తెరిచి లోపలి గింజలను ఒక చెంచా మెత్తటి తిండి మీద చల్లి, నమలకుండా మింగవచ్చు. లిస్‌డెక్స్‌యాంఫెటమిన్ క్యాప్సూల్‌లోని పొడిని నీళ్ళలో కలిపి అప్పటికప్పుడే తాగవచ్చు. ఏది తెరవవచ్చో, ఏది తెరవకూడదో ఆ మందు పత్రంలో ఉంటుంది.

ఇంకో సంగతి. ఒక రకం దీర్ఘకాలపు మిథైల్‌ఫెనిడేట్ మాత్రకు గట్టి పెంకు ఉంటుంది. మందంతా బయటికి వచ్చేశాక ఆ ఖాళీ పెంకు మలంలో మాత్రలాగే కనబడుతుంది. మందు అరగకుండా బయటికి వచ్చేసిందని కంగారుపడి ఇంకొకటి వేయకండి.

మోడాఫినిల్‌ది మరో దారి. నార్కోలెప్సీకి మొదట రాసే మందుల్లో ఇదొకటి. ఇది ఒంట్లో చాలాసేపు ఉంటుంది. సగం మందు బయటికి పోవడానికే దాదాపు పదిహేను గంటలు పడుతుంది. మధ్యాహ్నం వేసుకుంటే రాత్రి నిద్ర గల్లంతు కావడానికి కారణం అదే.

కింది మెట్టు నుంచి ఎక్కండి

మామూలు మిథైల్‌ఫెనిడేట్‌ని ఆరేళ్ళు దాటిన పిల్లలకు సాధారణంగా 5 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లతో మొదలుపెడతారు. వారానికోసారి 5 నుంచి 10 పెంచుతారు. రోజు మొత్తం మీద 60 దాటనివ్వరు. పెంకు ఉన్న దీర్ఘకాలపు మాత్ర పిల్లలకు 18తో మొదలవుతుంది, చిన్నపిల్లలకు 54, కౌమారంలో ఉన్నవాళ్ళకూ పెద్దలకూ 72 పైహద్దు. లిస్‌డెక్స్‌యాంఫెటమిన్ 30తో మొదలై వారానికి 10 లేదా 20 పెరుగుతూ 70 దగ్గర ఆగుతుంది. మూత్రపిండాల జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్ళకు ఇంకా ముందే ఆపుతారు. నార్కోలెప్సీకి యాంఫెటమిన్‌ని రోజుకు 5 నుంచి 60 దాకా, విడివిడి డోసులుగా ఇస్తారు. మోడాఫినిల్ పెద్దలకు పొద్దున ఒకేసారి 200. కాలేయం బాగా దెబ్బతిన్నవాళ్ళకు అందులో సగం. 400 దాకా తట్టుకోగలిగినా, ఆ రెట్టింపు వల్ల అదనపు మేలు కచ్చితంగా ఉంటుందని రుజువు కాలేదు.

పైహద్దు అంటే చేరుకోవాల్సిన గమ్యం కాదు. చాలామంది దానికి చాలా కిందే ఆగిపోతారు. పని జరిగి, ఒంటికి ఇబ్బంది కలగని మొదటి మెట్టే మీ డోసు. పక్కింటి పిల్లవాడికి 36 ఇస్తున్నారని మీవాడికి 18 చాలదేమోనని టెన్షన్ పడొద్దు.

అలాగని భయంతో కింది మెట్టు మీదే ఆగిపోవడం కూడా తప్పే. అమెరికాలో 579 మంది పిల్లల మీద చేసి 1999లో ప్రచురించిన ఎంటీఏ అనే పెద్ద అధ్యయనంలో, డోసును మెట్టుమెట్టుగా వెతికి, ఆ తర్వాత ప్రతి నెలా చూస్తూ వచ్చిన పిల్లలకు, బయట మామూలు వైద్యం అందుకున్న పిల్లల కన్నా మంచి ఫలితం వచ్చింది. బయటి పిల్లల్లో కూడా చాలామంది ఇవే మందులు వాడారు. తేడా చూసుకుంటూ సరిచేయడంలో ఉంది. మందు రాసిచ్చి మూడు నెలల తర్వాత రమ్మంటే, మొదటి నెలలో మధ్యలో ఒకసారి ఫోన్‌లోనైనా మాట్లాడే వీలుందా అని అడగండి. అడగడంలో తప్పేమీ లేదు.

ఆరేళ్ళ లోపు పిల్లలకు ముందు తల్లిదండ్రులకు శిక్షణ, పిల్లవాడి ప్రవర్తనను మలిచే పద్ధతులు. వాటితో కుదరకపోతేనే మందు. ఆ వయసులో ఒంట్లో మందు ఎక్కువ మోతాదులో నిలుస్తుంది, బరువూ ఎక్కువగా తగ్గుతుంది.

గడియారంతో సహా రాయండి

ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. యాప్ అయినా పరవాలేదు. నాకు కాగితమే నచ్చుతుంది, ఎందుకంటే డాక్టరు ముందు తెరిచి పెట్టగలను. రోజుకు నాలుగైదు ముక్కలు చాలు. మందు ఎన్నింటికి, ఎంత. ఎన్నింటికి పని మొదలైనట్టు అనిపించింది, ఎన్నింటికి దిగింది. మధ్యాహ్నం తిండి. నిద్ర. ఇబ్బంది ఏదైనా ఉంటే అది ఎన్నింటికి.

అన్నిటికన్నా ముఖ్యం ఆ వేళే. పిల్లవాడు చిరాకు పడుతున్నాడు, ఏడుస్తున్నాడు అని రాస్తే డాక్టరుకి సగమే తెలుస్తుంది. మందు పూర్తిగా పనిచేస్తున్న వేళ, అంటే వేసిన రెండు మూడు గంటలకు, బొమ్మలా కూర్చుండిపోవడం, నవ్వకపోవడం, గోళ్ళు, చర్మం గిల్లుకోవడం, చిన్నదానికే కన్నీళ్ళు పెట్టుకోవడం కనబడితే డోసు ఎక్కువై ఉండొచ్చు. అదే చిరాకు సాయంత్రం, మందు దిగిపోతున్న వేళ వస్తే అది దిగుడు ప్రభావం. దానికి డోసు తగ్గిస్తే ఉపయోగం ఉండకపోవచ్చు. మందు రకం మార్చడమో, సాయంత్రానికి చిన్న డోసు చేర్చడమో డాక్టరు ఆలోచిస్తారు. ఒకటే లక్షణం, రెండు వేళలు, రెండు వేర్వేరు పరిష్కారాలు. వేళ రాయకపోతే ఈ రెండూ కలిసిపోతాయి.

పిల్లవాడు కుదురుగా, కిక్కురుమనకుండా ఉంటే మందు బాగా పనిచేస్తోందని పెద్దవాళ్ళు సంతోషిస్తారు. దయచేసి అలా అనుకోకండి. సరైన డోసు మీద పిల్లవాడు వాడిలాగే ఉంటాడు. అల్లరి చేస్తాడు, నవ్వుతాడు. మొదలుపెట్టిన పని ముగించగలుగుతాడు, అంతే. వాడినే అడగండి: “మందు వేసుకున్నప్పుడు నీకెలా ఉంటుంది?” ఏడేళ్ళ పిల్లలు కూడా స్పష్టంగా చెబుతారు.

ఒకసారికి ఒక్కటే మార్చండి. డోసు పెంచిన వారంలోనే కాఫీ మానేసి, పడుకునే వేళ మార్చి, కొత్త విటమిన్ మొదలుపెడితే ఏది దేనివల్లో ఎవరికీ తెలియదు. డోసు మారిన ప్రతిసారీ ముందూ వెనకా బీపీ, నాడి చూసుకోండి. మార్పులు ఆగాక ఆరు నెలలకోసారి చూస్తే చాలు. పదేళ్ళ లోపు పిల్లలకు మూడు నెలలకోసారి బరువు, పిల్లలందరికీ ఆరు నెలలకోసారి ఎత్తు. కొందరు పిల్లల్లో ఎదుగుదల కాస్త మందగిస్తుంది. రాసి ఉంటేనే అది కంటపడుతుంది.

వేసుకునే వేళ, తినే వేళ

ముందు తిండి, తర్వాత మందు. ఆకలి మందగించేది మందు ఎక్కాకే కాబట్టి, పొద్దున కడుపు నిండా తినేసి వేసుకుంటే రోజుకు కావలసిన దానిలో మంచి భాగం ఒంటపడుతుంది. మధ్యాహ్నం తినలేకపోతే బలవంతపెట్టకండి. మందు దిగాక సాయంత్రం, రాత్రి ఆకలి తిరిగి వస్తుంది, అప్పుడు పెట్టండి. అందరూ తొమ్మిదింటికే వంటిల్లు కట్టేసే ఇంట్లో ఈ పిల్లవాడి కోసం ఏదో ఒకటి ఉంచడం అవసరం.

దీర్ఘకాలపు మందు పొద్దున్నే వేయాలి. త్వరగా దిగిపోయే మిథైల్‌ఫెనిడేట్ వాడుతూ నిద్ర పట్టనివాళ్ళు చివరి డోసు సాయంత్రం ఆరు లోపే ముగించాలి.

యాంఫెటమిన్ వాడేవాళ్ళకు ఒక ప్రత్యేక విషయం. పులుపు పళ్ళరసాలు, విటమిన్ సి మాత్రలు అదే వేళకు తీసుకుంటే మందు ఒంటికి తక్కువగా పట్టవచ్చు. సోడా ఉప్పు ఉన్న కడుపు మంట మందులు తీసుకుంటే, దానికి విరుద్ధంగా, మందు ఒంట్లో ఎక్కువసేపు నిలిచిపోతుంది. నిన్న బాగా పనిచేసింది, ఇవాళ పనిచేయలేదు అనిపించినప్పుడు డోసు మీద అనుమానం పెట్టుకునే ముందు ఈ రెండూ చూసుకోండి.

మర్చిపోతే, లేదా వేసుకున్నామో లేదో గుర్తు లేకపోతే

పొద్దున వేయాల్సిన దీర్ఘకాలపు మందు మధ్యాహ్నానికి గుర్తొస్తే ఆ రోజుకి వదిలేయండి. మర్నాడు మామూలు డోసే. రెండు రోజులది కలిపి ఎప్పుడూ వేయొద్దు.

అసలు చిక్కు రెండో రకంది. ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్ళకు మందు వేసుకున్నామా లేదా అన్నదే గుర్తుండదు. నార్కోలెప్సీ ఉన్నవాళ్ళ సంగతి ఇంకా విచిత్రం. సగం నిద్రలో చేతులు వాటంతటవే పనులు చేసుకుపోతాయి, తర్వాత ఏమీ గుర్తుండదు. నేను ఒకరోజు పొద్దున మందు వేసుకుందామని స్ట్రిప్పు తీస్తే అప్పటికే ఒకటి తక్కువ ఉంది. గ్లాసు తడిగా ఉంది. వేసుకున్నట్టు నాకు ఏ కోశానా జ్ఞాపకం లేదు. స్ట్రిప్పు లెక్కపెట్టకపోయి ఉంటే రెట్టింపు వేసుకునేవాడిని.

ఆ రోజు నుంచి వారం గడుల డబ్బా వాడుతున్నాను. ఆదివారం రాత్రి, పూర్తి మెలకువలో, ఏడు గడులూ నింపుతాను. పొద్దున గడి ఖాళీగా ఉంటే వేసుకున్నట్టే, ఇంక ఆలోచన లేదు. మీరూ ఇలాంటిది ఒకటి పెట్టుకోండి. డబ్బా లేని రోజు అనుమానం వస్తే వేసుకోకండి. ఒక డోసు తప్పితే ఆ రోజు మందకొడిగా గడుస్తుంది. రెండు డోసులు పడితే అత్యవసర విభాగానికి వెళ్ళాల్సి రావచ్చు. ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్ళుండి పిల్లవాడికి మందు ఇస్తుంటే ఆ పని ఒక్కరే చేయాలి. అమ్మ ఒకసారి, నాన్న ఒకసారి ఇవ్వడం ఎక్కడైనా జరిగేదే.

కలపకూడనివి

ఎంఏఓ ఇన్‌హిబిటర్లు అనే మందులతో ఈ స్టిమ్యులెంట్లు కలిస్తే బీపీ ప్రాణాపాయం అంచు దాకా వెళ్ళవచ్చు. అవి ఆపిన తర్వాత కూడా 14 రోజులు ఆగాలి. కొన్ని పాత డిప్రెషన్ మందులు, పార్కిన్సన్స్‌కి వాడే సెలెజిలిన్ ఈ జాతివి. లైనజోలిడ్ అనే యాంటీబయాటిక్‌కి కూడా ఈ గుణం ఉందని చాలామందికి తెలియదు. కాబట్టి ఏ జబ్బుకి ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా, పంటి డాక్టరైనా సరే, మీరు వాడే స్టిమ్యులెంట్ పేరు చెప్పండి.

జలుబుకి షాపులో అడిగి తెచ్చుకునే మాత్రల్లో సూడోఎఫెడ్రిన్ ఉంటే బీపీ, దడ పెరుగుతాయి. డిప్రెషన్ మందులు, నొప్పికి వాడే ట్రమడాల్ యాంఫెటమిన్‌తో కలిసినప్పుడు వణుకు, జ్వరం, గందరగోళం రావచ్చు. ఇవి కలపాలా వద్దా అన్నది డాక్టరు చూసి చెప్పాలి. డోసు వెతుక్కుంటున్న మొదటి వారాల్లో కాఫీ, టీ బాగా తగ్గించండి, ఎనర్జీ డ్రింకులు పూర్తిగా మానండి. మద్యం వద్దు. మందు ఇచ్చే మెలకువలో మద్యం ఎంత ఎక్కిందో తెలియదు. పైగా కొన్ని దీర్ఘకాలపు క్యాప్సూళ్ళలోని మందును మద్యం తొందరగా బయటికి లాగేస్తుంది.

మోడాఫినిల్ వాడే స్త్రీలు ఇది తప్పక తెలుసుకోవాలి: గర్భనిరోధక మాత్రలు, హార్మోన్ పద్ధతులు దీనివల్ల బలహీనపడతాయి. మందు వాడినంత కాలం, ఆపాక మరో నెలపాటు వేరే రక్షణ కావాలి. గర్భంలో ఈ మందు వాడటం మంచిది కాదు కాబట్టి ఈ మాట రెండింతలు ముఖ్యం. నాకు తెలిసిన ఒకావిడకు ఈ సంగతి మందు రాసినవాళ్ళూ చెప్పలేదు, అమ్మినవాళ్ళూ చెప్పలేదు.

నార్కోలెప్సీ ఉన్నవాళ్ళకు

యాంఫెటమిన్‌ని నార్కోలెప్సీకి మొదట వాడింది 1935లో. ఇన్నేళ్ళయినా ఈ మందులు చేసేది నిద్రమత్తును వెనక్కి నెట్టడమే. నార్కోలెప్సీ మొదటి రకంలో మెదడులో మెలకువను నిలిపే ఒరెక్సిన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు పోతాయి. ఆ లోటును ఈ మాత్రలు పూడ్చవు. అందుకే నూటికి నూరుపాళ్ళు మెలకువ వచ్చేదాకా డోసు పెంచుకుంటూ పోవడం అపాయకరం. నేను అదే చేశాను. మధ్యాహ్నం మూడింటికి కళ్ళు మూతలు పడుతున్నాయని నాలుగింటికి ఇంకో మాత్ర వేసుకునేవాడిని. రాత్రి రెండు దాటినా నిద్ర రాదు, మర్నాడు మత్తు ఇంకా ఎక్కువ, మళ్ళీ ఇంకో మాత్ర. మూడు వారాల్లో చేతులు వణికేదాకా వచ్చింది. డాక్టరు డోసు పెంచలేదు, తగ్గించారు. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు ఇరవై నిమిషాల కునుకు రాసిచ్చారు. మందు చీటీ మీదే రాసిచ్చారు. అది పనిచేసింది.

రోజూ ఒకే వేళకు పదిహేను, ఇరవై నిమిషాల చిన్న నిద్ర ఒకటి రెండు పెట్టుకుంటే చాలామందికి తక్కువ డోసుతో గడిచిపోతుంది. ఎప్‌వర్త్ నిద్రమత్తు కొలమానం అని ఎనిమిది ప్రశ్నల పట్టిక ఉంది, 24 మార్కులకు. పది దాటితే పగటి మత్తు మామూలు కన్నా ఎక్కువని అర్థం. నెలకోసారి నింపి నోట్‌బుక్‌లో పెట్టుకోండి. నవ్వినప్పుడో ఉద్వేగం కలిగినప్పుడో మోకాళ్ళు సడలిపోయే సమస్య, అంటే కెటాప్లెక్సీ, స్టిమ్యులెంట్లతో అంతగా తగ్గదు. దానికి వేరే మందులున్నాయి, విడిగా అడగండి. కొత్త డోసు మొదటి వారంలో వాహనం నడపకండి. మందు దిగిపోయే వేళ ఎప్పుడో తెలిశాక కూడా ఆ వేళకు స్టీరింగ్ పట్టుకోకండి.

వెంటనే వెళ్ళాల్సిన సందర్భాలు

ఛాతీ నొప్పి, ఊపిరి ఆడకపోవడం, స్పృహ తప్పడం, ఫిట్స్, ఒళ్ళు కాలిపోతూ తికమకగా మాట్లాడటం, లేనివి కనబడటం, వినబడటం, చనిపోవాలన్న ఆలోచన. వీటిలో ఏది వచ్చినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళండి, మందు డబ్బా వెంట తీసుకెళ్ళండి. మగవాళ్ళలో, అబ్బాయిల్లో అంగం నాలుగు గంటలకు పైగా గట్టిగా ఉండిపోవడం అరుదైనా అత్యవసరమే. సిగ్గుపడి దాచుకుంటే శాశ్వత నష్టం జరుగుతుంది. చలికి వేళ్ళు తెల్లబడటం, నీలంగా మారడం కనబడితే డాక్టరుకి చెప్పండి. మోడాఫినిల్ వాడుతూ దద్దుర్లు, జ్వరం, నోట్లో పుండ్లు వస్తే మందు ఆపి ఆ రోజే చూపించుకోండి.

పిల్లవాడు పొరపాటున ఎక్కువ మింగాడని తెలిస్తే లక్షణాల కోసం ఎదురుచూడొద్దు. దీర్ఘకాలపు మందైతే మొదటి గంట ఏమీ కనబడకపోవచ్చు. వాంతి చేయించే ప్రయత్నాలు చేయకండి.

తాళం వేసి ఉంచండి

మిథైల్‌ఫెనిడేట్, యాంఫెటమిన్‌లు 1971 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందం కింద నియంత్రణలో ఉన్న మందులు. వీటిని లెక్కపెట్టి, తాళం వేసి ఉంచండి. పరీక్షల ముందు రాత్రి స్నేహితుడు ఒక్కటి ఇవ్వమని అడుగుతాడు. ఇవ్వకండి. వాళ్ళ గుండె సంగతి మీకు తెలియదు, వాళ్ళకూ తెలియకపోవచ్చు. హాస్టల్‌కి వెళ్ళే పిల్లలకు ఈ మాట ముందే, కోప్పడకుండా, ఎందుకో వివరించి చెప్పండి. వేరే దేశం వెళ్తుంటే ఆ దేశపు నిబంధన ముందే కనుక్కోండి. జపాన్‌లోకి యాంఫెటమిన్‌ని డాక్టరు చీటీ ఉన్నా తీసుకెళ్ళనివ్వరు.

ఆపడం గురించి

చాలాకాలం ఎక్కువ డోసు వాడి ఒక్కసారిగా ఆపేస్తే విపరీతమైన నిద్ర, నీరసం, దిగులు కమ్ముకోవచ్చు. వీటితోపాటు బీపీని తగ్గించే గుణం ఉన్న క్లోనిడిన్‌నో గ్వాన్‌ఫసిన్‌నో వాడుతుంటే వాటిని అర్ధాంతరంగా అసలు ఆపకూడదు, బీపీ ఎగబాకుతుంది. ఆపాలనుకుంటే డాక్టరు చెప్పిన మెట్లలో దిగండి.

ఏడాదికోసారైనా ఈ మందు ఇంకా కావాలా, ఇంతే కావాలా అని డాక్టరుతో కూర్చుని చూడండి. ఏడీహెచ్‌డీ పిల్లలకు కొన్ని రోజులు తగ్గించో ఆపో చూద్దామని డాక్టరు అంటే, ఆ రోజులు సెలవుల్లో పెట్టకండి. సెలవుల్లో మందు లేకపోయినా బాగానే ఉన్నట్టు కనబడుతుంది. పరీక్షలు లేని, బడి మామూలుగా నడిచే వారం ఎంచుకుని, టీచరుకి ఒక మాట చెప్పి, నోట్‌బుక్‌లో ఎప్పటిలాగే వేళలతో రాయండి. నార్కోలెప్సీ ఉన్నవాళ్ళు అలాంటి వారంలో బండి తాళాలు ఇంట్లో మరొకరికి ఇచ్చేయండి.